మందుల డోసుల లెక్కలు నేర్పే ఆన్‌లైన్ కోర్సు: పాఠాలకి 5కి 4, ప్రాక్టీస్ యాప్‌కి 5కి 2

ముందే చెప్పేస్తా, నాకు లెక్కలంటే చిన్నప్పట్నుంచీ పడదు. ఫార్మసీలో చేరింది కూడా ఇందులో లెక్కలు పెద్దగా ఉండవని ఎవరో అంటే నమ్మి. డిప్లొమా అయ్యాక ఏడేళ్ళు వేరే పనిలో ఉండి ఇప్పుడు మళ్ళీ ఇటు వద్దామని ఒక ఇంటర్వ్యూకి వెళ్తే, అక్కడ ఒకాయన కాగితం ముక్క మీద "డోసు 250 మైక్రోగ్రాములు, మన దగ్గరున్న టాబ్లెట్ 0.125 ఎంజీ, ఎన్ని ఇవ్వాలి" అని రాసిచ్చారు. నేను 2000 అని రాసా. నిజంగానే రాసా. 250ని 0.125తో భాగించాను, 2000 వచ్చింది, రాసేసి కాగితం వెనక్కిచ్చాను. ఆయన కనీసం నవ్వినా బాగుండేది, నవ్వలేదు, "ఒక పేషెంటుకి ఒక పూటకి 2000 టాబ్లెట్లా అమ్మా" అని అడిగి ఊరుకున్నారు. ఆన్సర్ 2. 0.125 ఎంజీ అంటే 125 మైక్రోగ్రాములు, అలాంటివి రెండు వేస్తే 250. మూడో క్లాసు లెక్క.

ఆ రాత్రే ఈ కోర్సులో చేరా. ఇప్పుడు మొత్తం అయిపోయింది కాబట్టి తీసుకుందామా వద్దా అని ఊగిసలాడేవాళ్ళ కోసం రాస్తున్నా, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

11 చాప్టర్లు, ఒక్కో వీడియో 8 నుంచి 10 నిమిషాలు, ప్రతి వీడియో తర్వాత 5 లెక్కలు, వాటికి విడిగా ఒక ప్రాక్టీస్ యాప్, చివర్లో 50 మార్కుల టెస్టు. పాఠం చెప్పే మేడం బాగా నిదానం, 1.25 స్పీడులో పెట్టుకుంటే సరిపోతుంది. వైట్‌బోర్డు మీద చేత్తో రాసి చెప్తారు, హంగులేం లేవు, నాకదే నచ్చింది.

ఈ కోర్సులో డబ్బులకి తగ్గదేంటి అంటే ఒకే ఒక్క అలవాటు. ప్రతి లెక్కకీ ముందు మేడం పెన్ను పక్కన పెట్టించి, ఉజ్జాయింపుగా ఎంత రావాలో నోటితో చెప్పమంటారు. ఒక టాబ్లెట్టా, అరా, రెండా. అర చెంచానా, సీసాలో సగమా. అది చెప్పాకే ఫార్ములా. మొదట్లో నాకు విసుగొచ్చింది, టైమ్ వేస్ట్ అనుకున్నా, నాలుగో చాప్టర్‌కి వచ్చేసరికి అర్థమైంది ఆ ఇంటర్వ్యూలో నాకు రానిది భాగాహారం కాదని, భాగాహారం కరెక్టుగానే చేశాను కదా, వచ్చిన అంకె ఒకసారి చూసుకుని "ఇదేంటి" అనుకోకపోవడమే తప్పని.

మొదటి చాప్టర్ యూనిట్లు. 1 గ్రాముకి 1000 ఎంజీ, 1 ఎంజీకి 1000 మైక్రోగ్రాములు, 1 లీటరుకి 1000 ఎంఎల్, ఇంతే కదా అని స్కిప్ చేయబోయా. చేయకండి. ప్రతి అంకె పక్కనా యూనిట్ రాసుకుంటూ, పైన ఎంజీ కింద ఎంజీ కొట్టేసుకుంటూ వెళ్తే చివరికి మిగిలే యూనిటే మనకి కావాల్సిన యూనిట్ అయ్యుండాలి, వేరేది మిగిలిందంటే ఎక్కడో తిరగేసి భాగించామని అర్థం. నా 2000 లెక్కలో ఇలా రాసుకుని ఉంటే పైన మైక్రోగ్రాములు, కింద ఎంజీలు, కొట్టేయడానికే కుదరదు, అక్కడే ఆగిపోయేదాన్ని.

సున్నాల సంగతి కూడా ఇక్కడే చెప్తారు. 0.5ని .5 అని రాస్తే చుక్క కనపడక 5 అనుకుంటారు, డోసు పదిరెట్లు. 5ని 5.0 అని రాస్తే 50 అనుకుంటారు, మళ్ళీ పదిరెట్లే. యూనిట్లు అనే మాటకి బదులు ఒక్క ఇంగ్లీషు యూ (U) అక్షరం గీకితే అది సున్నాలా కనపడి 4 యూనిట్లు కాస్తా 40 అయిపోతాయి. అందుకే పాయింటు ముందు సున్నా ఉండాలి, పాయింటు వెనక ఉత్త సున్నా ఉండకూడదు, యూనిట్ అనే మాట పూర్తిగా రాయాలి. ఇవన్నీ కాలేజీలో విన్నవే, కానీ ఎందుకో అప్పుడు ఎవరూ ఇలా పక్కపక్కన రాసి చూపించలేదు.

చిన్న ముచ్చట ఒకటి. యాస్పిరిన్ 325 ఎంజీ అని ఆ వంకర అంకె ఎందుకు, శుభ్రంగా 300 పెట్టొచ్చుగా అని నాకెప్పటి నుంచో డౌటు. పాత కొలత గ్రెయిన్ అంట, ఒక గ్రెయిన్ దాదాపు 65 ఎంజీ, 5 గ్రెయిన్ల టాబ్లెట్ అదే 325 అయి కూర్చుంది. పరీక్షకి పనికొస్తుందో లేదో తెలీదు గానీ నాకు భలే తృప్తిగా అనిపించింది.

బరువుని బట్టి డోసు చాప్టర్ నిజంగా బాగుంది, ఒక్కటే చూడాలంటే ఇదే చూడండి. ఉదాహరణ పారాసిటమాల్, కిలోకి 15 ఎంజీ, పాప బరువు 8 కిలోలు, అంటే డోసు 120 ఎంజీ. ఇంతవరకూ అందరికీ వస్తుంది. తర్వాత మేడం మూడు సీసాలు గీస్తారు. ఒకదాని మీద 5 ఎంఎల్‌కి 120 ఎంజీ, రెండోదాని మీద 5 ఎంఎల్‌కి 250 ఎంజీ, మూడోది డ్రాప్స్, 1 ఎంఎల్‌కి 100 ఎంజీ. అదే పాపకి అదే 120 ఎంజీ మొదటి సీసాలోంచి అయితే 5 ఎంఎల్, రెండో దాంట్లోంచి 2.4 ఎంఎల్, మూడో దాంట్లోంచి 1.2 ఎంఎల్. మందు పేరు ఒకటే, ఎంఎల్‌లు మూడు రకాలు. ఇప్పుడు ఎవరైనా "పోయినసారి 5 ఎంఎల్ పోశాం కదా" అని ఆ డ్రాప్స్ సీసాలోంచి 5 ఎంఎల్ పోస్తే 500 ఎంజీ, పెద్దవాళ్ళు వేసుకునే టాబ్లెట్ మొత్తం 8 కిలోల పిల్ల కడుపులోకి. ఇది విన్నాక నాకు వీడియో ఆపి కాసేపు లేచి తిరగాలనిపించింది. డోసుని ఎంఎల్‌లో గుర్తుపెట్టుకోకండి, ఎంజీలో గుర్తుపెట్టుకోండి, సీసా మారిన ప్రతిసారీ ఎంఎల్ కొత్తగా లెక్కేయండి అంటారు మేడం. (ఇవి లెక్క కోసం చెప్తున్న అంకెలు, వీటిని చూసి ఇంట్లో డోసు డిసైడ్ చేసుకోకండి దయచేసి.)

ఇందులోనే ఇంకో మెలిక, చెప్పిన అంకె ఒక్క డోసుకా, రోజు మొత్తానికా అన్నది. యాంటీబయాటిక్ కిలోకి రోజుకి 40 ఎంజీ, మూడు పూటలుగా అని ఉంటే 12 కిలోల బాబుకి రోజంతటికీ 480, పూటకి 160. ఆ 480ని పూటకి అనుకుని మూడుసార్లు ఇస్తే మూడింతలు. 5 ఎంఎల్‌కి 250 ఎంజీ సిరప్‌లో 160 అంటే 3.2 ఎంఎల్. అక్కడితో ఆపకుండా 7 రోజులకి ఎంత కావాలో కూడా వేయిస్తారు, 3.2ని 3తో, మళ్ళీ 7తో గుణిస్తే 67.2 ఎంఎల్, అంటే 60 ఎంఎల్ సీసా ఒకటిస్తే ఏడో రోజున ఖాళీ అయిపోద్ది, మందు కోర్సు పూర్తవకుండానే ఆగిపోద్ది. కౌంటర్లో నిలబడేవాళ్ళకి నిజంగా పనికొచ్చే లెక్క ఇదీ. ఇలాంటివి ఇంకో పది ఉంటే నేను 5కి 5 ఇచ్చేదాన్ని. బరువు పౌండ్లలో ఉందా కిలోల్లో ఉందా చూసుకోండి, కిలోకి 2.2 పౌండ్లు, అది మర్చిపోతే డోసు రెండింతలు దాటిపోతుంది అని ఒక్క వాక్యంలో చెప్పి వెళ్ళిపోతారు, చాలు అది.

పర్సెంట్లు, రేషియోలు. నాకు అస్సలు మింగుడుపడని చాప్టర్ ఇదే కాలేజీలో. ఇక్కడ మేడం చెప్పిన కిటుకు, ద్రావణాల్లో 1% అంటే 100 ఎంఎల్‌లో 1 గ్రాము, అంటే 100 ఎంఎల్‌లో 1000 ఎంజీ, అంటే 1 ఎంఎల్‌లో 10 ఎంజీ. కాబట్టి పర్సెంట్‌ని 10తో గుణిస్తే ఎంఎల్‌కి ఎన్ని ఎంజీలో వచ్చేస్తుంది. 2% లిగ్నోకైన్ (తిమ్మిరెక్కించే మందు) ఎంఎల్‌కి 20 ఎంజీ. 0.9% సెలైన్ ఎంఎల్‌కి 9 ఎంజీ, లీటరుకి 9 గ్రాముల ఉప్పు. 5% డెక్స్‌ట్రోజ్ 500 ఎంఎల్ బాటిల్లో 25 గ్రాములు. నోటితో వేసేయొచ్చు. ఆయింట్‌మెంట్ అయితే అక్కడ 100 గ్రాముల్లో 1 గ్రాము, 30 గ్రాముల ట్యూబులో 1% అంటే 300 ఎంజీ మందు.

రేషియో దగ్గర మాత్రం మనసు తిరగబడుతుంది. అడ్రినలిన్ 1:1000 అంటే 1000 ఎంఎల్‌లో 1 గ్రాము, ఎంఎల్‌కి 1 ఎంజీ. 1:10,000 అంటే ఎంఎల్‌కి 0.1 ఎంజీ. అంకె పెద్దదైతే మందు తక్కువ! హడావుడిలో ఉన్న మనిషికి 10,000 అని చూడగానే "ఇదే స్ట్రాంగు" అనిపించడం సహజం. ఇలాంటి గందరగోళం వల్లే అమెరికాలో 2016 నుంచి ఒకే మందు ఉన్న ఇంజెక్షన్ల లేబుల్ మీద ఈ రేషియో రాత తీసేసి ఎంఎల్‌కి ఎన్ని ఎంజీ అని రాయిస్తున్నారు. కోర్సులో ఈ మాట లేదు, చెప్పుంటే బాగుండేది, ఎందుకంటే పిల్లలు ఈ రేషియో ఏదో మనకే అర్థం కావట్లేదు అని తమని తాము తిట్టుకుంటుంటారు, నేను తిట్టుకున్నట్టే.

డైల్యూషన్‌కి (పలచన చేయడానికి) సీ1వీ1 = సీ2వీ2 అందరికీ తెలిసిందే, సీ అంటే గాఢత, వీ అంటే ఎన్ని ఎంఎల్ అని. 95% ఆల్కహాల్ నుంచి 70% ది 500 ఎంఎల్ కావాలంటే 368 ఎంఎల్ పైచిలుకు తీసుకోవాలి. ఇక్కడ మేడం పట్టుబట్టి చెప్పేది, మిగతా 132 నీళ్ళు కొలిచి పోయకండి, 500 గీత దాకా వచ్చేలా నీళ్ళు కలపండి అని, ఎందుకంటే ఆల్కహాలూ నీళ్ళూ కలిస్తే రెండూ కూడినంత రాదు, కొంచెం కుంచించుకుపోతుంది. అలిగేషన్ (రెండు వేర్వేరు గాఢతల ద్రావణాలు ఎంతెంత కలపాలో తేల్చే పద్ధతి) కూడా బాగా చెప్పారు, చిన్న గళ్ళ పెట్టె గీసి మూలల్లో తీసివేతలు. 70% ఉంది, 20% ఉంది, 50% కావాలి, 50లోంచి 20 తీస్తే 30 భాగాలు 70% ది, 70లోంచి 50 తీస్తే 20 భాగాలు 20% ది, అంటే 3కి 2. ముగ్గు వేసినట్టు ఉంటుంది, నాకు ఇష్టమైపోయింది.

ఇక కోపం వచ్చిన చోటు. ఇన్సులిన్‌కి ఇచ్చింది నాలుగు నిమిషాలు! మిల్లీఈక్వివలెంట్లకి, అంటే లవణాల్ని వాటి అయాన్ల ఆవేశాన్ని బట్టి కొలిచే యూనిట్లకి, మూడు వీడియోలు పెట్టి (పొటాషియం క్లోరైడ్ 74.5 ఎంజీ అంటే ఒక మిల్లీఈక్వివలెంట్, 15% ది 10 ఎంఎల్ ఆంపుల్లో 1.5 గ్రాములు కాబట్టి దాదాపు 20, అని ఇలా ఒక్క వీడియోలో తేలిపోయే దానికి) ఇన్సులిన్‌ని "యూ-100 అంటే ఎంఎల్‌కి 100 యూనిట్లు, యూ-40 అంటే ఎంఎల్‌కి 40, సిరంజి దానికి తగ్గదే వాడాలి" అని దులిపేసుకున్నారు. ఎందుకు వాడాలో లెక్క వేసి చూపించాలి కదా. నేను చూపిస్తా. యూ-40 సిరంజిలో 10 గీత అంటే 0.25 ఎంఎల్. అందులోకి యూ-100 ఇన్సులిన్ లాగితే ఆ 0.25 ఎంఎల్‌లో 25 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు, షుగర్ పడిపోయి మనిషి ప్రమాదంలో పడొచ్చు. తిరగేస్తే, యూ-100 సిరంజిలో 10 గీత 0.1 ఎంఎల్, అందులో యూ-40 ఇన్సులిన్ లాగితే 4 యూనిట్లే, షుగర్ దిగదు, డోసు చాలట్లేదనుకుని ఇంకా పెంచుతారు, ఆ తర్వాత ఒకరోజు సరైన సిరంజి చేతికొస్తుంది, పెంచిన డోసు మొత్తం ఒంట్లోకి పోతుంది, అప్పుడు ఉంటుంది అసలు కథ. ఇంత ముఖ్యమైన దాన్ని నాలుగు నిమిషాల్లో తేల్చేస్తే ఎలా.

యూనిట్ అంటే బరువు కాదు, ఆ మందు చేసే పనికి కొలత, అందుకే ఒక్కో మందుకి ఒక్కో లెక్క అన్న మాట కూడా ఎక్కడో కామాల మధ్య పోయింది. విటమిన్ డి లో 40 యూనిట్లు 1 మైక్రోగ్రాము, ఆ లెక్కన 60,000 యూనిట్ల గుళికలో ఉండేది 1.5 ఎంజీ. అదే సూత్రం పట్టుకెళ్ళి ఇన్సులిన్‌కో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌కో పెడితే కుదరదు. ఇది కొత్తవాళ్ళు తప్పకుండా చేసే తప్పు, నేను కూడా చేశా.

డ్రిప్ చాప్టర్ నాకు నిజంగానే చుక్కలు చూపించింది. మొత్తం ఎంఎల్‌ని డ్రిప్ సెట్టు చుక్కల లెక్కతో (ఆ గొట్టంలోంచి ఎంఎల్‌కి ఎన్ని చుక్కలు పడతాయో దాంతో) గుణించి నిమిషాలతో భాగించడం. 1000 ఎంఎల్ 8 గంటల్లో, ఎంఎల్‌కి 20 చుక్కల సెట్టు, 20,000ని 480తో భాగిస్తే 41.67, అంటే నిమిషానికి 42 చుక్కలు. మైక్రో సెట్టులో ఎంఎల్‌కి 60 చుక్కలు కాబట్టి గంటకి ఎన్ని ఎంఎల్‌లో నిమిషానికి అన్నే చుక్కలు, లెక్కే అక్కర్లేదు. ఇంతవరకూ ఓకే. తర్వాత కిలోకి నిమిషానికి ఇన్ని మైక్రోగ్రాములు అనే లెక్కలు వస్తాయి, అది మూడుసార్లు చూశా. 60 కిలోల మనిషి, కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు, అంటే నిమిషానికి 300, గంటకి 18,000 మైక్రోగ్రాములు, అంటే 18 ఎంజీ, సిరంజిలో 50 ఎంఎల్‌కి 200 ఎంజీ ఉంటే ఎంఎల్‌కి 4 ఎంజీ, 18ని 4తో భాగిస్తే గంటకి 4.5 ఎంఎల్. ఇలా మెట్టుమెట్టుగా రాస్తే వస్తుంది, ఒకే పెద్ద ఫార్ములాగా బట్టీ కొడితే మాత్రం పరీక్ష హాల్లో ఏది పైన ఏది కింద అని తల గోక్కోవాలి. మేడం రెండూ చూపించి మెట్ల దారే మంచిదంటారు, నా ఓటు కూడా దానికే.

పిల్లల డోసులకి పాత యంగ్స్ రూల్, వయసుని వయసు ప్లస్ 12తో భాగించడం, ఆరేళ్ళకి పెద్దవాళ్ళ డోసులో మూడో వంతు అనేది, దానికి ఒక వీడియో మొత్తం దేనికో నాకర్థం కాలేదు. ఒకే వయసు పిల్లలు ఒకడు 14 కిలోలుంటాడు ఒకడు 25 ఉంటాడు, బరువుని బట్టి ఇప్పుడే కదా నేర్పారు. పరీక్షల్లో అడుగుతారు కాబట్టి పెట్టారేమో. ఒంటి వైశాల్యం ఫార్ములా చివర్లో ఉంది, ఎత్తు సెంటీమీటర్లలో, బరువు కిలోల్లో, రెండూ గుణించి 3600తో భాగించి వర్గమూలం, 180 సెంటీమీటర్లు 80 కిలోలైతే సరిగ్గా 2 చదరపు మీటర్లు. ఐదు నిమిషాల పని.

ఇప్పుడు యాప్ గురించి. పాఠం మొత్తం యూనిట్ రాయండి యూనిట్ రాయండి అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పి, యాప్‌లో ఆన్సర్ పెట్టె అంకెలు తప్ప ఏదీ తీసుకోదు. 2.5 అని కొట్టాలంతే, ఎంజీనా ఎంఎల్‌నా అడగదు. ఎంఎల్ అడిగిన లెక్కకి నేను మనసులో ఎంజీ అనుకుని కొట్టినా అంకె కలిస్తే పచ్చ టిక్కు పడిపోతుంది. నా 2000 టాబ్లెట్ల రోగానికి మందు ఇక్కడే ఉండాలి, ఇక్కడే లేదు. రౌండింగ్ ఇంకా ఘోరం, ఆ డ్రిప్ లెక్కకి 42 అని కొడితే తప్పంట, 41.67 కావాలంట. 0.67 చుక్క ఎలా పడుతుందో ఆ యాప్ చేసినవాళ్ళే ఒకసారి సెట్టు తిప్పి చూపించాలి.

పైగా ఒక లెక్కకి ఆన్సర్ కీనే తప్పుంది. వయల్లో (ఇంజెక్షన్ మందు సీసాలో) 1 గ్రాము పౌడర్, కలిపాక ఆ పౌడర్ 0.8 ఎంఎల్ చోటు తీసుకుంటుంది, ఎంఎల్‌కి 100 ఎంజీ రావాలంటే ఎన్ని నీళ్ళు కలపాలి అని లెక్క. మొత్తం 10 ఎంఎల్ అవ్వాలి, పౌడరే 0.8 ఆక్రమిస్తుంది కాబట్టి నీళ్ళు 9.2. యాప్ 10 అంటోంది. 10 పోస్తే మొత్తం 10.8 అయి ఎంఎల్‌కి 92.6 ఎంజీనే వస్తుంది. ప్రశ్నలోనే 0.8 ఇచ్చి దాన్ని ఆన్సర్లో మర్చిపోయారు! నేను అరగంట నాదే తప్పనుకుని కాగితాలు నింపా, తర్వాత వెనక్కెళ్ళి వీడియో చూస్తే మేడం ఇదే టైపు లెక్కని నేను చేసినట్టే చేశారు. సపోర్ట్‌కి మెయిల్ పెట్టా, లెక్కంతా రాసి, రౌండింగ్ గురించి, యూనిట్ పెట్టె గురించి కూడా. తొమ్మిది రోజులకి రిప్లై వచ్చింది, థ్యాంక్స్ అన్నారు, కీ 9.2కి మార్చారు, 42 కూడా ఇప్పుడు తీసుకుంటోంది. యూనిట్ పెట్టె మాత్రం "పరిశీలిస్తాం" అన్నారు, ఈ రివ్యూ రాసేనాటికి ఇంకా లేదు.

ఫైనల్ టెస్టులో నాకు 50కి 44 వచ్చాయి, పోయిన ఆరులో నాలుగు మిల్లీఈక్వివలెంట్లే. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి మా అన్నయ్యకి పంపిస్తే "ఏంటే, అత్తెసరు మార్కులతో గట్టెక్కావా" అన్నాడు. తెరిచి చూస్తే దాని మీద పెద్ద అక్షరాల్లో స్కోరు 44 అని మాత్రమే ఉంది, ఎంతకి 44 అన్నది ఎక్కడా లేదు. దానికి కూడా మెయిల్ పెట్టాను.